పూజారి మంచివాడు కాకపోతే ప్రసాదం ప్రసాదమేనా?



ఈ వారం వీడియోలో తీర్థం, శఠారి గురించి మాట్లాడుకున్నాం కదా. గుళ్లో చివరికి మనం చెయ్యి చాపి పుచ్చుకునే ఆ కాస్త నీళ్ల వెనకాల ఎంత ఉందో పన్నెండు నిమిషాల్లో చెప్పగలిగినంత చెప్పాను. కానీ ఎడిటింగ్ చేస్తున్నంతసేపూ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. కెమెరా ముందు రెండు ముక్కల్లో తేల్చేసేది కాదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. కొంచెం పొడుగే. టీ పెట్టుకుని కూర్చోండి.

ప్రశ్న ఇది. మనకి తీర్థం ఇచ్చే చెయ్యి మంచిది కాదని తెలిస్తే, ఆ తీర్థం తీర్థమేనా?

ఇది ఊరికే పుట్టిన ప్రశ్న కాదు. మన వయసు వాళ్లలో చాలామంది గుడికి దూరమవడానికి కారణం దేవుడి మీద కోపం కాదు. పళ్లెంలో ఎంత వేశామో చూసి మంత్రం పొడుగు పెంచే ఆయన్ని చూశారు. డబ్బున్న వాళ్లకి ఒక దర్శనం, లేని వాళ్లకి ఒక దర్శనం చూశారు. ఎవరో స్వామీజీని అరెస్టు చేశారని ఫోన్‌లో చూశారు. అక్కడ మనసు విరిగింది. "దేవుడికీ నాకూ మధ్య ఈయనెందుకు?" అనుకుని, ఇంట్లో దీపం పెట్టుకుని ఊరుకున్నారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ అదే పూర్తి నిజమా అన్నది నా అనుమానం.

ఈ ప్రశ్నని మన పక్కనే ఉన్న ఇంకో సంప్రదాయం పదహారు పదిహేడు వందల ఏళ్లుగా నలుగుతూ ఆలోచించింది. మనం వాళ్లతో అన్నిట్లో ఏకీభవించక్కర్లేదు. కానీ ఒకే జబ్బుకి పక్కింటివాళ్లు ఏం మందు వాడారో అడిగి తెలుసుకోవడంలో తప్పేముంది?

శంషాబాద్ పేరుతో ఒక పీఠం

నేను ఉండేది శంషాబాద్ వైపు. 2008లో ఎయిర్‌పోర్ట్ బేగంపేట నుంచి ఇక్కడికి వచ్చాక ఈ ఊరి రూపమే మారిపోయింది. ఇప్పుడు ఇక్కడ అన్నీ ఉన్నాయి. కాస్త దూరంలో అమ్మపల్లి రాముడి గుడి, సినిమాల్లో ఆ గోపురాన్ని మీరు తప్పకుండా చూసే ఉంటారు. ముచ్చింతల్‌లో రామానుజాచార్యుల వారి 216 అడుగుల విగ్రహం, 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించారు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి వెళ్తే చిలుకూరు బాలాజీ.

మనలో చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. శంషాబాద్ అనే పేరు కేరళ క్రైస్తవులకి బాగా తెలుసు. 2017 అక్టోబర్ 10న పోప్ ఫ్రాన్సిస్ ఇక్కడ సీరో మలబార్ చర్చికి ఒక కొత్త పీఠాన్ని ఏర్పాటు చేశారు. సీరో మలబార్ వాళ్లు అంటే కేరళలో సెయింట్ థామస్ పేరు చెప్పుకునే పాత క్రైస్తవులు. పోప్‌ని ఒప్పుకునే క్యాథలిక్కులే, కానీ పూజా పద్ధతి వాళ్లది వేరు, పాత సిరియాక్ సంప్రదాయం నుంచి వచ్చింది. ఉద్యోగాల కోసం కేరళ వదిలి దేశమంతా వెళ్లిన నర్సులు, టీచర్లు, ఇంజనీర్లు ఉన్నారు కదా, వాళ్లకోసం పుట్టిన పీఠం ఇది. దాని పరిధి దేశంలో చాలా రాష్ట్రాల దాకా పాకింది. మొదటి బిషప్ మార్ రాఫేల్ తట్టిల్. 2024 జనవరిలో ఆయన్నే ఆ చర్చి మొత్తానికి అధిపతిగా, మేజర్ ఆర్చ్‌బిషప్‌గా ఎన్నుకున్నారు. అంటే మన శంషాబాద్ పీఠం నుంచి నేరుగా ఆ పెద్ద పీఠానికి వెళ్లారన్నమాట.

మన తెలుగు క్యాథలిక్కులు ఎక్కువమంది ఉండేది ఇంకో పద్ధతిలో, లాటిన్ పద్ధతిలో. గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్ వాళ్లది. ఆ హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ గారు కర్నూలు జిల్లాలో పుట్టిన తెలుగాయన. 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్, దళితుల్లో కూడా మొదటి కార్డినల్ ఆయనే.

నాకు ఎయిర్‌పోర్ట్‌లో పనిచేసే ఒక మలయాళీ స్నేహితుడున్నాడు. రాత్రి షిఫ్ట్ దిగి, నిద్రమొహంతోనే ఆదివారం చర్చికి పోతాడు. "ఇంట్లో ప్రార్థన చేసుకుంటే సరిపోదా?" అని ఒకసారి అడిగాను. "ప్రార్థన ఇంట్లోనే చేస్తాను. కుర్బానా ఇంట్లో దొరకదు కదా" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే ఇదంతా చదవడం మొదలుపెట్టాను.

కుర్బానా, బలిపూజ, సత్ప్రసాదం

కుర్బానా అనగానే హైదరాబాదీలకి బక్రీద్ ఖుర్బానీ గుర్తొస్తుంది. (పెళ్లి విందులో ఖుబానీ కా మీఠా కాదండీ, అది ఆప్రికాట్!) రెండూ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలే, అర్థం కూడా దగ్గరే: దేవుడికి దగ్గరగా తీసుకెళ్లి అర్పించేది. మన తెలుగు క్యాథలిక్కులు అదే ఆరాధనని దివ్యబలిపూజ అంటారు. ఫాదర్‌ని గురువు అంటారు. ఫాదర్ అయ్యే వేడుక గురుపట్టాభిషేకం. చివర్లో ఇచ్చే అప్పానికి దివ్యసత్ప్రసాదం అని పేరు. చూశారా, మాటలన్నీ మన ఇంట్లోవే.

కానీ మాట ఒకటే అయినా భావం ఒకటి కాదు. ఇది జాగ్రత్తగా చూడాలి.

యేసు తన మరణానికి ముందు రాత్రి శిష్యులతో కలిసి చివరి భోజనం చేశాడు. రొట్టె తీసుకుని విరిచి, ఇది నా శరీరం అన్నాడు. ద్రాక్షారసం గిన్నె తీసుకుని, ఇది నా రక్తం అన్నాడు. నన్ను తలచుకుంటూ ఇలా చేయండి అని చెప్పాడు. క్యాథలిక్కుల నమ్మకం ఏమిటంటే, గురువు పీఠం దగ్గర నిలబడి ఆ మాటలు పలుకుతూ ఆ ప్రార్థన చేసినప్పుడు ఆ గోధుమ అప్పం, ఆ ద్రాక్షారసం నిజంగానే క్రీస్తు శరీరమూ రక్తమూ అవుతాయి. చూపుకి, రుచికి మార్పు ఉండదు. కానీ అదేమిటి అన్నది మాత్రం మారిపోతుంది. ఇది గుర్తు కాదు, ప్రతిమ కాదు, ఆయనే అని వాళ్ల విశ్వాసం. అందుకే మిగిలిన అప్పాన్ని పారేయరు. మందసంలో పెట్టి, పక్కన దీపం ఆరకుండా చూసుకుంటారు.

మన ప్రసాదం వేరు. మనం స్వామికి నివేదిస్తాం. ఆయన స్వీకరించి తిరిగి ఇచ్చిన అనుగ్రహం అది. లడ్డూని స్వామి అనం. స్వామి ఇచ్చింది అంటాం. వాళ్లు సత్ప్రసాదాన్ని స్వామే అంటారు. నాకు దగ్గరగా తోచే పోలిక ప్రసాదంతో కంటే ప్రాణప్రతిష్ఠతో ఉంది. నిన్నటిదాకా శిల్పి కింద కూర్చుని చెక్కిన రాయి, ఇవాళ మూర్తి. ఆ పోలిక కూడా పూర్తిగా కుదరదనుకోండి.

మరి ఈ మార్పు ఎవరి వల్ల జరుగుతుంది? ఎవరు పడితే వాళ్లు ఆ మాటలు పలికితే జరగదంటారు. బిషప్ తల మీద చేతులుంచి అభిషేకించిన గురువు పలకాలి. ఆ బిషప్ తల మీద ఇంకో బిషప్, ఆయన మీద ఇంకొకరు, అలా వెనక్కి శిష్యుల దాకా ఒక పరంపర. మన గురుపరంపర లాంటిదే. సరైన అభిషేకం పొందిన గురువు మాత్రమే ఇది చేయగలడని 1215లో రోమ్‌లో జరిగిన లాటరన్ మహాసభ గట్టిగా చెప్పింది. ఇంకో సంగతి గమనించండి. గురువు "ఇది యేసు శరీరం" అనడు. "ఇది నా శరీరం" అంటాడు. అంటే ఆ క్షణంలో నోరు ఆయనది, మాట క్రీస్తుది.

కాబట్టి మన ప్రశ్న వాళ్ల దగ్గర ఇంకా పదునుగా ఉంటుంది. ఆ నోరు అబద్ధాలాడే నోరైతే?

కాలువ, నీళ్లు

303లో రోమ్ చక్రవర్తి డయోక్లీషియన్ క్రైస్తవుల మీద అణచివేత మొదలుపెట్టాడు. గ్రంథాలు తెచ్చి ఇవ్వండి, తగలబెడతాం అన్నారు. కొంతమంది ఇవ్వకుండా చచ్చిపోయారు. కొంతమంది బిషప్పులు, గురువులు భయపడి ఇచ్చేశారు. అణచివేత ఆగాక ఉత్తర ఆఫ్రికాలో పెద్ద గొడవ లేచింది. ప్రాణభయంతో ద్రోహం చేసినవాడు ఇచ్చే జ్ఞానస్నానం చెల్లుతుందా? అలాంటివాడు అభిషేకించిన బిషప్ బిషప్పేనా? చెల్లదు, మాది మచ్చలేని సంఘం అని వేరుపడ్డవాళ్లని డొనాటిస్టులు అంటారు.

ఒక్క నిమిషం వాళ్ల వైపు నుంచి ఆలోచించండి. మీ అన్న గ్రంథం ఇవ్వకుండా చచ్చిపోయాడు. ఇచ్చేసి బతికినాయన ఇవాళ పీఠం దగ్గర నిలబడి మీకు సత్ప్రసాదం అందిస్తున్నాడు. చెయ్యి చాపగలరా? నాకైతే వాళ్ల కోపం బాగా అర్థమవుతుంది.

వాళ్లకి జవాబు చెప్పినవాడు అగస్టీన్. ఇప్పటి అల్జీరియాలో ఉన్న హిప్పో ఊరికి బిషప్. 411లో కార్తేజ్‌లో రెండు పక్షాల బిషప్పులూ ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు. అగస్టీన్ వాదనలో ఒక పోలిక నాకు చాలా ఇష్టం. నా మాటల్లో చెప్తాను. తోటకి రాతి కాలువలోంచి నీళ్లు వస్తాయి. ఆ నీళ్ల వల్ల రాయి మీద మొక్క మొలవదు. కానీ రాయి మీద ఏదీ మొలవనంత మాత్రాన తోటకి నీళ్లు అందకుండా పోవు. ఇచ్చేవాడు క్రీస్తు. గురువు కాలువ.

ఇదే సూత్రాన్ని 1547లో ట్రెంట్ మహాసభ నియమంగా రాసింది. లాటిన్‌లో దీన్ని ఎక్స్ ఓపెరె ఓపెరాతో అంటారు. చేసిన మనిషిని బట్టి కాదు, జరిగిన క్రియ వల్లనే ఫలం అని దాని సారం. ఘోర పాపంలో ఉన్న గురువు చేసినా, చేయాల్సిన విధంగా చేస్తే కుర్బానా కుర్బానానే. దీని పక్కనే ఇంకో షరతు కూడా ఉంది: అది నీకు పనిచేయాలంటే నీ మనసు తెరిచి ఉండాలి. నీళ్లొచ్చినా మడి సిద్ధంగా లేకపోతే పంట రాదు.

ఈ సూత్రం ఎవరికోసం పుట్టిందో చూశారా? భక్తుడి కోసం. లేకపోతే ప్రతి ఆదివారం ఆ నర్సు, ఆ సెక్యూరిటీ గార్డు, ఫాదర్ మనసులో ఏముందో లోపలికి తొంగి చూసి తేల్చుకోవాలి. అది ఎవరి వల్ల అవుతుంది? దేవుడు తన దయని ఒక మనిషి గుణానికి తాకట్టు పెట్టలేదు అన్నదే దీని భావం.

మనవాళ్లు ఏమన్నారు?

మన ఆగమ సంప్రదాయంలో తూకం కొంచెం వేరే వైపు ఒరుగుతుంది. మూర్తిలో దేవుడి సాన్నిధ్యం నిలవడానికి మూడు కారణాలు చెప్తారు: అర్చకుడి తపస్సు, అర్చన ఘనంగా జరగడం, బింబం సౌందర్యం. అర్చకుడి ప్రభావం వల్ల శిల కూడా శంకరుడవుతుందని పెద్దలు అనే మాట మీరు వినే ఉంటారు. అంటే మన దగ్గర అర్చకుడు ఉత్త కాలువ కాదు. ఆయన నిష్ఠ కూడా లెక్కలో ఉంది. అందుకే మడి, ఆచారం, దీక్ష, మైల పడితే గర్భగుడిలోకి వెళ్లకపోవడం. పూజలో లోపం జరిగిందేమోనని సంప్రోక్షణలు, ప్రాయశ్చిత్తాలు. తెలియక దొర్లిన దోషాలు పోవడానికి తిరుమలలో ఏటేటా పవిత్రోత్సవాలు జరుగుతాయి కదా, ఆలోచన అదే. మనుషులు చేసే పనిలో తప్పు దొర్లుతుందని ముందే ఒప్పుకుని, దాన్ని సరిదిద్దే దారి కూడా అందులోనే పెట్టారు.

కానీ మన కథలు చూడండి, అవి ఇంకో మాట చెప్తాయి. శ్రీకాళహస్తిలో తిన్నడు నోటితో నీళ్లు తెచ్చి అభిషేకం చేశాడు, మాంసం నైవేద్యం పెట్టాడు. శాస్త్రం తెలిసిన పూజారి అపచారం అని విలవిలలాడాడు. శివుడు పూజారిని వెళ్లగొట్టలేదు. పక్కన దాక్కుని చూడు అన్నాడు. కన్నప్ప కన్ను పెకలించి ఇస్తుంటే ఆ పూజారి చూశాడు.

శ్రీరంగంలో తిరుప్పాణాళ్వార్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. తక్కువ కులమని ఊరు దూరం పెట్టిన ఆ భక్తుడు కావేరి గట్టున మైమరచి పాడుకుంటున్నాడు. దారికి అడ్డం లేవలేదని అర్చకుడు లోకసారంగముని రాయి విసిరాడు. గుడికెళ్లి చూస్తే రంగనాథుడి నుదుటి మీద నెత్తురు. స్వామి ఆజ్ఞ ఏమిటి? ఆ అర్చకుణ్ణి తీసేయమని కాదు. ఆ భక్తుణ్ణి నీ భుజాల మీద ఎక్కించుకుని నా దగ్గరికి తీసుకురా అని. మునివాహన సేవ అంటే అదే. 2018 ఏప్రిల్ 16న మన జియాగూడ రంగనాథస్వామి గుళ్లో చిలుకూరు అర్చకులు సి.ఎస్. రంగరాజన్ గారు ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లారు. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు.

ఇక ముచ్చింతల్‌లో కూర్చున్న రామానుజులు. గురువు దగ్గర ఎంతో కష్టపడి సంపాదించిన మంత్రాన్ని తిరుక్కోష్టియూరు గోపురం ఎక్కి అందరికీ చెప్పేశారు అని కథ. వీళ్లందరికీ మోక్షం వస్తే నేను నరకానికి పోయినా ఫర్వాలేదు అన్నారట. ఇచ్చే స్థానంలో ఉన్న మనిషికి కొలబద్ద ఇది అనిపిస్తుంది నాకు. తనకి దక్కినది తన సొత్తు అనుకుంటున్నాడా, దాటించాల్సినది అనుకుంటున్నాడా?

ఎటువైపు తిరిగి నిలబడాలి?

సీరో మలబార్ చర్చిలో ఈ మధ్య పెద్ద గొడవ నడిచింది. కుర్బానా చేసేటప్పుడు గురువు ఎటు తిరగాలి అని! జనం వైపా, పీఠం వైపా? 2021 ఆగస్టులో వాళ్ల బిషప్పుల సభ ఒక ఏకరీతి పద్ధతి చెప్పింది. మొదటి భాగమంతా జనం వైపు, అర్పణ జరిగే ముఖ్య భాగంలో పీఠం వైపు, సత్ప్రసాదం ఇచ్చేటప్పటి నుంచి మళ్లీ జనం వైపు. ఎర్నాకుళం వైపు చాలామంది గురువులు, భక్తులు ఒప్పుకోలేదు. 2022 క్రిస్మస్‌కి ముందు అక్కడి సెయింట్ మేరీస్ బసిలికాలో పీఠం దగ్గరే తోపులాట జరిగింది. 2023 డిసెంబర్‌లో అప్పటి అధిపతి కార్డినల్ జార్జ్ ఆలంచేరి తప్పుకున్నారు. ఆ వేడిలోనే మన శంషాబాద్ బిషప్‌ని పైకి ఎన్నుకున్నారు.

దీనికే కొట్టుకోవాలా అని నవ్వకండి. కంచిలో వడగలై, తెంగలై గొడవలు కోర్టులకెక్కిన చరిత్ర మనది. పైగా ఆ గొడవలో ఒక లోతైన ప్రశ్న ఉంది. గురువు మన తరఫున దేవుడితో మాట్లాడే మనిషా, దేవుడి తరఫున మనతో మాట్లాడే మనిషా?

మన అర్చకుణ్ణి గమనించండి. సంకల్పం చెప్పించేటప్పుడు మనవైపు తిరిగి గోత్రం, పేరు అడుగుతారు. తర్వాత స్వామి వైపు తిరుగుతారు, మనకి వీపే కనిపిస్తుంది. చివరికి హారతి, తీర్థం, శఠారి పట్టుకుని మళ్లీ మనవైపు వస్తారు. రెండు వైపులా తిరగడమే ఆ పని. ఎప్పుడూ మనవైపే తిరిగి ఉంటే అది ప్రదర్శన అయిపోతుంది. (ఛానెల్ నడుపుతున్న నాకు ఆ ప్రమాదం బాగా తెలుసు, మేం ఎప్పుడూ కెమెరా వైపే కదా!) ఎప్పుడూ అటే తిరిగి ఉంటే మనం ఉన్నామన్న సంగతే మర్చిపోతాడు.

ఇంకో తేడా కూడా చెప్పాలి, మీరు స్నేహితుల పెళ్లికో క్రిస్మస్‌కో చర్చికి వెళ్తే పనికొస్తుంది. మన గుళ్లో గర్భగుడి గడప దాటనివ్వరు, ప్రసాదం మాత్రం ఎవరికైనా పెడతారు. వాళ్ల దగ్గర పీఠం కళ్లెదురుగా తెరిచి ఉంటుంది, సత్ప్రసాదం మాత్రం సాధారణంగా క్యాథలిక్కులకే. లైన్‌లో నిలబడి చెయ్యి చాపకండి. అది మనల్ని అవమానించడం కాదు. వాళ్లకది స్వామే కాబట్టి, ఆ విశ్వాసంలోకి వచ్చినవాళ్లకే ఇస్తారు. మౌనంగా కూర్చుంటే చాలు.

ఆ సూత్రాన్ని ఎలా చెడగొట్టారంటే

ఇప్పుడు చేదు మాట. కాలువ ఎలా ఉన్నా నీళ్లు నీళ్లే అన్న సూత్రం వినడానికి ఎంత హాయిగా ఉందో, దుర్వినియోగానికి అంత సులువు. 2002 జనవరిలో బోస్టన్ గ్లోబ్ పత్రిక అక్కడి ఫాదర్‌లు పిల్లల మీద చేసిన అఘాయిత్యాలని, పెద్దలు వాళ్లని శిక్షించకుండా ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి బదిలీ చేస్తూ పోయిన తీరుని బయటపెట్టింది. ఆ డిసెంబర్‌లోనే అక్కడి ఆర్చ్‌బిషప్ రాజీనామా చేశారు. అక్కడితో ఆగలేదు. చాలా దేశాల్లో ఇలాంటివే బయటపడ్డాయి. 2019లో మాజీ కార్డినల్ మెకారిక్‌ని గురుత్వం నుంచే తొలగించారు.

దాచినవాళ్లు చెప్పుకున్న సాకు ఏమిటి? బయటికి తెలిస్తే చర్చికి మచ్చ, విశ్వాసుల నమ్మకం పోతుంది. ఈ మాట మనకి కొత్తా? ఒక బాబా మీద ఆరోపణ వస్తే "హిందూ ధర్మానికి మచ్చ తేకండి" అని ఫిర్యాదు చేసిన అమ్మాయినే తిట్టేవాళ్లని మనం చూడలేదా?

నాకు అర్థమైనంతలో ఇక్కడ తర్కం తలకిందులైంది. నిజంగా నీళ్లు కాలువ మీద ఆధారపడకపోతే, కాలువని కాపాడాల్సిన అవసరం ఎవరికుంది? దేవుడి అనుగ్రహం ఆ మనిషి గుణం మీద నిలబడలేదని నమ్మేవాడు, ఆ మనిషిని పోలీసులకి పట్టివ్వడానికి భయపడనే కూడదు. రేపు ఇంకొకరు పీఠం దగ్గర నిలబడతారు, కుర్బానా ఆగదు. ఇంకో అర్చకుడు వస్తారు, హారతి ఆగదు. దాచిపెట్టినవాడు దేవుణ్ణి కాపాడటం లేదు. ఈ మనిషి పోతే దేవుడు కూడా పోతాడని లోలోపల భయపడుతున్నాడు. అది భక్తి కాదు, అపనమ్మకం. అగస్టీన్ సూత్రం భక్తుడికి కవచంగా పుట్టింది. దాన్ని దొంగకి గొడుగుగా మార్చారు.

మన తెలుగు భాషకి ఈ రెండూ తెలుసు. తల మీద పెట్టే స్వామి పాదుకలనీ శఠగోపం అంటాం, మోసం చేసి నెత్తిన టోపీ పెట్టడాన్నీ శఠగోపం పెట్టడం అంటాం. ఒకే పళ్లెంలోంచి రెండూ వస్తాయని మన తాతముత్తాతలు చూసే ఆ మాట వాడి ఉంటారు. అయినా వాళ్లు తల వంచడం మానలేదు, టోపీ పెట్టినవాణ్ణి అనడమూ మానలేదు.

నానమ్మ తీర్థం

మా కాలనీ గుళ్లో ఒకప్పుడు ఒక పూజారి ఉండేవారు. డబ్బు దగ్గర మనిషి మంచివారు కాదు. మా ఇంట్లో ఒక కార్యానికి ముందు ఒక మాట, తర్వాత ఒక మాట చెప్పి నాన్నగారిని నలుగురిలో చిన్నబుచ్చారు. మా ఇంట్లో అందరం ఆ గుడి మానేశాం, నానమ్మ తప్ప. ఆవిడ ప్రతి శనివారం వెళ్లేది. "ఆయన దగ్గర తీర్థం ఎలా తీసుకుంటావు నానమ్మా?" అంటే, "నేను ఆయన దగ్గర తీసుకోవట్లేదురా, స్వామి దగ్గర తీసుకుంటున్నా. ఆయన గరిటె పట్టుకున్నాడంతే" అనేది. అలాగని ఊరుకునే రకం కూడా కాదు. గుడి కమిటీ మీటింగ్‌కి వెళ్లి, అందరి ముందూ ఆ డబ్బు లెక్క అడిగిన ఒకే ఒక్క మనిషి ఆవిడే. అగస్టీన్ పేరు ఆవిడ వినలేదు. కానీ తీర్థం ఒక చేత్తో, లెక్క ఒక చేత్తో పట్టుకుంది.

ఒక్క మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. నానమ్మకి జరిగింది అవమానం, డబ్బు నష్టం. ఒక పిల్లకో, ఒక స్త్రీకో ఆ చేతుల వల్లే గాయం అయ్యుంటే, "తీర్థం తీర్థమేనమ్మా, వెళ్లి పుచ్చుకో" అనే హక్కు మనకెవరికీ లేదు. నీళ్లు స్వచ్ఛమైనవే కావచ్చు. కానీ కొట్టిన చేత్తో ఇచ్చిన నీళ్లు గొంతు దిగవు. అది ఆమె భక్తిలో లోపం కాదు. అలాంటి వాళ్లకి దేవుడు ఇంకో దారిలో అందుతాడని కన్నప్ప కథ, తిరుప్పాణాళ్వార్ కథ మనకి హామీ ఇస్తున్నాయి. ఆ హామీ లేకపోతే కాలువ సూత్రం క్రూరంగా తయారవుతుంది.

మరి మనం ఏం చేద్దాం?

"మధ్యలో ఈయనెందుకు?" అన్నవాళ్లకి నా జవాబు ఇది. ప్రార్థనకి మధ్యవర్తి అక్కర్లేదు, నిజమే. నా స్నేహితుడు కూడా ప్రార్థన ఇంట్లోనే చేస్తాడు. కానీ కొన్ని మనం తీసుకునేవి కావు, ఇంకొకరు ఇస్తే పుచ్చుకునేవి. తీర్థం మన చేత్తో మనం పోసుకోం. అక్షింతలు మన తల మీద మనం వేసుకోం. ఎదుటివాడి చెయ్యి కావాలి, అది మన చెయ్యిలాంటి మామూలు చెయ్యే. దేవుడు నాకు నా బుర్రలోంచి మాత్రమే కాకుండా, నేను ఎంచుకోని ఇంకో మనిషి గుండా అందుతాడు అని ఒప్పుకోవడంలో ఒక వినయం ఉంది. ఫోన్‌లో లైవ్ అభిషేకం చూస్తే మనసు నిండుతుంది, మా ఛానెల్ ఉన్నదే అందుకు. కానీ స్క్రీన్‌లోంచి తీర్థం రాదు. లాక్‌డౌన్‌లో క్యాథలిక్కులు కూడా బలిపూజని ఫోన్లలో చూశారు, మనసులోనే క్రీస్తుని స్వీకరించమని వాళ్ల పెద్దలు చెప్పారు. అయితే చూడటమూ పుచ్చుకోవడమూ ఒకటే అని మాత్రం అనలేదు.

పూజారిని దేవుడిలా చూడకండి, ఆయనకి అంత బరువు వద్దు. దొంగలా కూడా చూడకండి, చాలామంది చాలీచాలని సంభావనతో తెల్లారకముందే లేచి గుడి తలుపులు తీస్తున్నవాళ్లే. తీర్థం వినయంగా పుచ్చుకోండి. తప్పు కనిపిస్తే కమిటీనో, ఎండోమెంట్స్ వాళ్లనో, అవసరమైతే పోలీసులనో నిస్సంకోచంగా అడగండి. ఈ రెండిటికీ మధ్య వైరుధ్యం లేదు. నీళ్లు స్వామివని నమ్మినవాడే కాలువని ధైర్యంగా శుభ్రం చేయగలడు.

ఈ శనివారం గుడికి వెళ్తే, తీర్థం పోసే చేతిని ఒక్క క్షణం చూడండి. ఆ పంచపాత్ర ఎన్ని వేలసార్లు ఎత్తి ఉంటుందో ఆ చెయ్యి. కుదిరితే ఆయన పేరు అడగండి. గోత్రం, పేరు ఎప్పుడూ ఆయనే మనల్ని అడుగుతుంటారు, మనం ఆయన పేరు అడిగింది తక్కువ.

వచ్చే వారం వీడియోలో అమ్మపల్లి గుడి గురించి మాట్లాడుకుందాం.

జై శ్రీమన్నారాయణ.